రాళ్ల చెలక

కొత్త కోడలు సుమన ఫోనులో పాటలు పెట్టుకుని, వాగొడ్డు చెలకలో సగం మేర రాళ్లన్నీ ఏరి, గట్టుమీది పాత కుప్పలో పోసింది. మామ కాటమయ్య మెచ్చుకుంటాడనుకుంది.

వారం ఎండకే ఆ సగంలో కంది మొలకలు వాడిపోయాయి.

"ఇసుక నేల బిడ్డా, నీళ్లు నిలువయి. గీ రాళ్లే తడిని కాపాడుతయి," అంటూ కాటమయ్య ఏరని సగంలో ఒక రాయి ఎత్తాడు. కింద నేల చల్లగా, తడిగా ఉంది.

సుమనకు ఏడుపొచ్చింది. "అన్నీ మళ్ల పరుస్త. అత్తమ్మకు మాత్రం చెప్పకు మామా."

"చెప్ప. నువ్వూ చెప్పకు," అంటూ కాటమయ్య గంప అందుకున్నాడు. "గా పాత కుప్ప ఎవరిదనుకున్నవ్? నేను ఇల్లరికం వచ్చిన ఏడు ఏరిందే. మీ అత్త మళ్ల పరవమన్నది. సగం పరిచి, మిగిలిన ఈ కుప్ప వాగు తెచ్చి పోసిందని చెప్పిన. ఇయ్యాల్టిదాక నమ్ముతాంది."