ప్రస్థానం పెట్టిన సంచి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాయనమ్మ అప్పలనరసమ్మ, నాన్న, గౌరీశ్వరి. తలుపునూ లెక్కలో వేసుకోవాలి, ఇంటి పెత్తనమంతా దానిదే కనుక. ఊళ్లో అన్ని తలుపుల్లాగే అదీ పొలానికైతే తెరుచుకునేది, దూరప్రయాణమంటే మాత్రం పంచాంగం చూసేది.

"నిన్న అష్టమి, నేడు నవమి. ప్రయాణం కూడదు," అంది తలుపు.

పట్నంలో నర్సింగు కాలేజీవాళ్లు గౌరిని చేర్చుకునేది ఆ ఒక్కరోజే. నాన్న తల పట్టుకున్నాడు. గౌరికి మాత్రం లోలోపల కాస్త ఊరటగా ఉంది. కొత్తవాళ్ల ముందు తనకు నోరు పెగలదు.

నాయనమ్మ నడుం మీద చెయ్యేసుకుని తలుపు ముందు నిలబడింది.

"ఓలమ్మ, దీని పెత్తనం! పిల్ల సప్తమినాడే బయల్దేరిపోనాది. దాని సంచి పక్కింటి కాంతమ్మ కాడ ప్రస్థానం ఎట్టేను. సంచెల్తే మనిషెల్లినట్టే. నీ పంచాంగంలో ఆ మాట నేదేటి?"

తలుపు కాసేపు వెతుక్కుంది. "ఉంది," అని తెరుచుకుంది.

గౌరి కాంతమ్మ ఇంటినుంచి సంచి తెచ్చుకుని మళ్లీ గుమ్మం దగ్గరికే వచ్చింది.

"నాయనమ్మా, నానెల్లనే. బయ్యమేస్తంది."

"ఊరెల్లిపోయినదానివి ఇంట్లోకెలాగొస్తావే?" నాయనమ్మ సంచిని గౌరి భుజానికి సర్దింది.

తలుపు కదల్లేదు. నాయనమ్మే రెండు చేతులతో దాన్ని తోసి మూసేసింది.