ఖాళీ నోటుబుక్కు

"వచ్చే వారం నుంచి నేను రాను పెద్దమ్మా," అన్నాడు దర్జీ, కుర్చీలో కూర్చోకుండానే.

మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్న ముసలావిడ కళ్లజోడు సవరించుకుంది. ఒకప్పుడు నర్సు. ఇప్పుడు సంఘమంతటికీ పెద్దమ్మ.

"ముందు కూర్చో. నిలబడి చెప్పే కబురు నాకు తలకెక్కదు."

కూర్చున్నాడు. మెథడిస్టు సంఘంలో క్లాసు లీడరంటే ఆషామాషీ పని కాదు. తనకప్పగించిన సంఘస్థుల్ని వారం వారం కలవాలి, మంచీచెడ్డా కనుక్కోవాలి, నోటుబుక్కులో రాయాలి, మూడునెలలకోసారి లీడర్ల కూటంలో చదివి వినిపించాలి. కొత్తవాడు కదా అని పాస్టరుగారు దర్జీకి ఒక్క మనిషినే అప్పగించారు. పాపం, ఆ ఒక్కరి దగ్గరే చతికిలపడ్డాడు.

"రేపే కూటం. నా బుక్కు చూడండి, ఒక్క ముక్క లేదు. మీ ఒంట్లో ఎలా ఉందంటే, నువ్వు అన్నం తిన్నావా అంటారు. ప్రార్థన చేద్దామంటే, రాత్రి నిద్రపట్టిందా అంటారు. పన్నెండు వారాలు మీ ఇంట్లో టీ తాగి, నా గోడు వెళ్లబోసుకుని పోయాను. ఈ పెద్దరికం నావల్ల కాదు. బుక్కు తిరిగిచ్చేస్తాను."

"ఊరందరి కొలతలూ తీస్తావు. కదలకుండా పడున్నదాన్ని, నా కొలతే దొరకలేదూ?"

దర్జీకి నవ్వొచ్చింది. ఆ వెంటనే గుండె బరువెక్కింది. ఈ గదికి రావడం మానేస్తే, కొట్టు కట్టేశాక వెళ్లడానికి అతనికి ఇంకో గుమ్మం లేదు. అయినా చేతకాని పని పట్టుకు వేలాడటం తప్పనిపించింది.

"సరే, నీ ఇష్టం. పోయేముందు ఒక సాయం చెయ్యి నాయనా. దిండు కింద నా బుక్కుంది. నేను రాసింది నాకే ఆనడం లేదు, కాస్త చదివిపెట్టు."

తీశాడు. అదీ నీలం అట్టదే, అచ్చం తన దానిలాగే. దారం పెట్టిన చోట తెరిచి, పైకి చదవసాగాడు.

"మొదటి వారం: గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చొక్కాకి రెండు గుండీలు లేవు. మూడో వారం: టీ సగం తాగాడు. ఐదో వారం: పోయిన భార్య మాట ఎత్తాడు. ఏడ్చాడు. ఏడవనిచ్చాను. తొమ్మిదో వారం: రెండు పూటలా వండుకుంటున్నాడట. పన్నెండో వారం: గుండీలన్నీ ఉన్నాయి. మెట్లు దిగుతూ పాట అందుకున్నాడు."

చదువుతుండగానే అతని చెయ్యి చొక్కా గుండీల మీదికి పోయింది.

"ఇదేంటి పెద్దమ్మా?"

"మొదటి పేజీ చూడు మరి."

తిప్పాడు. పాస్టరుగారి చేతిరాత.

"క్లాసు లీడరు: పెద్దమ్మ. అప్పగించిన సభ్యుడు: దర్జీ. లీడరు మంచం దిగలేరు గనక, 'లీడరువి నువ్వే' అని చెప్పి సభ్యుణ్నే వారం వారం పంపుతున్నాను."