సల్ఫేటా, సల్ఫైడా?

"బేరియం వరకే చదివావా? ఆ పక్కన ఏముందో చూడలేదా?"

డాక్టర్ రామమూర్తి అరుపుకి నర్సు కమల చేతిలోని ఖాళీ డబ్బా తిప్పి చూసింది. కడుపు ఎక్స్‌రేకి ముందు రోగికి తాగించేది బేరియం సల్ఫేట్. స్టోరు నుంచి ఆ ఉదయం వచ్చిన డబ్బా మీదున్నది బేరియం సల్ఫైడ్. పొడి నీళ్లలో కలిపి గ్లాసు రోగి చేతికిచ్చాక గానీ కమల ఆ పేరు పూర్తిగా చదవలేదు.

"రెండూ ఒకటి కాదా సార్?"

"సల్ఫేట్ కరగదు, లోపలికి ఎలా వెళ్లిందో అలాగే బయటికి పోతుంది. సల్ఫైడ్ రక్తంలో కలిసి గుండె ఆపేస్తుంది! ఎవరికిచ్చావ్?"

"అభన్‌పూర్ రైల్వే గ్యాంగ్‌మన్, బంగారయ్య తాతకి."

ఇద్దరూ ఎక్స్‌రే గదికి పరుగెత్తారు. బంగారయ్య బల్ల మీద కూర్చున్నాడు. పక్కనే భార్య వరహాలమ్మ. గ్లాసు ఖాళీ.

"తాతా, తాగేశారా?"

ముసలాయన డాక్టర్ ముఖం చూసి బెదిరిపోయాడు. "తాగేసినాను బాబూ. చుక్క మిగల్చలేదు."

వరహాలమ్మ ఏదో చెప్పబోయింది. "మీరు బయట కూర్చోండమ్మా!" అని డాక్టర్ తలుపేసేశాడు.

"మెగ్నీషియం సల్ఫేట్ తే, కమలా! అది తాగిస్తే కడుపులోని బేరియం కరగని సల్ఫేట్ అయిపోతుంది. ఇతన్ని పట్టుకో, పకడో, జల్దీ!" అని వార్డుబాయ్‌ని కేకేశాడు.

బంగారయ్య గింజుకున్నాడు. "నాకేటీ అవలేదు బాబూ, నన్నొగ్గీండి!"

ఎవరూ వినలేదు. ముక్కు మూసి ఆ మెగ్నీషియం నీళ్లు పట్టించారు. గొంతులోకి గొట్టం దింపి కడుపు కడిగారు. కమల అతని మణికట్టు వదల్లేదు. వేళ్ల కింద నాడి ఎప్పుడు తడబడుతుందోనని, ప్రభువా, ప్రభువా అని లోలోపలే గొణుక్కుంది. నాడి తడబడలేదు.

డాక్టర్ స్టెతస్కోపు తీసి నుదురు తుడుచుకున్నాడు. "గుండె రాయిలా ఉంది. గండం గడిచింది. వెళ్లి వాళ్లావిడకి చెప్పు, పాపం."

కమల ఏడుపూ నవ్వూ కలిసిపోతుండగా వరండాలోకి వచ్చింది. వరహాలమ్మ స్తంభానికి జారగిలబడి ఉంది. ముఖమంతా చెమట.

"భయపడకమ్మా, మీ ఆయనకేం కాలేదు."

వరహాలమ్మ పొట్ట పట్టుకుని, నీరసంగా నవ్వింది.

"ఆయనకేటవుద్ది తల్లీ, రుసి బాగోలేదని ముట్టుకోనేదు. నాకూ ఎన్నాళ్లనించో కడుపులో మంట, ఎవులికి చెప్పుకోను? మందు పారబొయ్యడం ఎందుకని నేనే తాగేసినాను."