ఎదురెదురు గడపలు

"ఇంకొంచెం ఎడమకి పోనీ," అంది పిచ్చమ్మ. "అది మన వీధి కాదు."

"నాకు తెలవదా మే? నలభై ఏళ్లు తిరిగిన ఊరు." మొగుడు పోలేరయ్య ఇంజను నెమ్మది చేశాడు.

అతను ముందుకు చూడటం లేదు. వెనక్కి తిరిగి, దూరంగా కృష్ణపట్నం కరెంటు ప్లాంటు పొగగొట్టాల వైపు చూస్తూ నడుపుతున్నాడు. చెక్క మీద కూర్చున్న ఫరీన్ దాని అంచును గట్టిగా పట్టుకుంది.

"ముందుకు చూడన్నా."

"ముందు చూస్తే దారి తెలవదమ్మా. ఆ గొట్టాలు రెండూ ఒకటిగా కనపడ్డాయంటే అదే మా ఇల్లు."

ఫరీన్ నెల్లూరులో ఇళ్ల ప్లాన్లు గీసే ఆర్కిటెక్ట్. ఈ ఊరి జనానికి కట్టబోయే కొత్త కాలనీ ప్లాను చూసి ఆమెకు ఒళ్లు మండింది. ఇళ్లన్నీ రైలు పెట్టెల్లా ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. ఒకరి తలుపుకు ఎదురుగా ఇంకొకరి వెనక గోడ. ఎదురెదురు గడపలు లేకుంటే అది ఊరెట్టా అవుద్దని జనం మొత్తుకున్నారు. మీ ఊరి పటం తెండి, అలాగే కడతాం అన్నారు ఆఫీసు వాళ్లు. సర్వే కాగితాల్లో వెతికితే పటమే లేదు. రేపు పదింటికల్లా ఫరీన్ అది గీసి ఇవ్వాలి, లేకుంటే రైలు పెట్టెలే ఖాయం.

"చెప్పులు తియ్యండి, గుడి వచ్చింది," అన్నాడు పోలేరయ్య తలగుడ్డ విప్పుతూ.

ముగ్గురూ చెప్పులు తీశారు. ఫరీన్ కాగితం మీద గుడి గుర్తు వేసుకుంది.

"వీధి వెడల్పెంతన్నా?"

"వల పరిచి బాగుచేసుకునేంత."

"పద్దెనిమిది అడుగులు," అంది పిచ్చమ్మ. "నా అడుగులు. మా ఎదురుగా ఖాదర్ బాషా అంగడి. ఆయన దగ్గితే, నీళ్లు తాగు అబ్బయా అని నేను పొయ్యికాడ నుంచే చెప్పేంత దూరం."

"గుడికి ఈ పక్కన బావి," అన్నాడు పోలేరయ్య.

"ఆ పక్కన. నువ్వెప్పుడన్నా నీళ్లు తోడినావా?"

ఫరీన్ బావిని చెరిపి అవతల పక్క వేసింది.

ముప్పై ఒక్క ఇళ్లు. ఏ తలుపు ఎటు వైపో, ఏ అరుగు మీద ఎవరు కూర్చుంటారో, ఇద్దరూ ఒక్క ఇంటి దగ్గర కూడా తడుముకోలేదు. ఫరీన్ కాలేజీలో ఐదేళ్లు ఊళ్ల నిర్మాణం చదివింది. ఒక ఊరు మొత్తం ఇద్దరు మనుషుల లోపల ఇంత భద్రంగా ఉంటుందని అక్కడ ఎవరూ చెప్పలేదు. వాళ్లకు దండం పెట్టాలనిపించింది.

పొగగొట్టాలు రెండూ ఒకటయ్యాయి. పోలేరయ్య ఇంజను ఆపేశాడు.

"ఇదేనమ్మా మా ఇల్లు."

"తలుపు ఎటక్కా?"

"తూర్పుకి. ఖాదర్ బాషా తలుపుకి సరిగ్గా ఎదురు."

ఫరీన్ ఆఖరి తలుపు గీసింది. పటం పూర్తయింది. ఇక ఆఫీసు వాళ్లు కాదనలేరు.

పిచ్చమ్మ కొప్పులోంచి మల్లెపూలు తీసింది. "శుక్రవారం కదా, గడప మీద ఎయ్యాల," అంటూ కిందికి వంగి వదిలింది.

పూలు పడవను రాసుకుంటూ, ఊరిని మింగిన సముద్రపు అలల మీద తేలిపోయాయి.