మాగిన ఎరువు

"వాసన చూడండి మేడంగారూ! మాగిన ఎరువు మట్టివాసనే వేస్తాదండి," అంటూ బుల్లిరాజు దిబ్బలో చెయ్యి పెట్టాడు.

కూతురు సత్యశ్రీ గబుక్కున ఓ అడుగు ముందుకేసింది. కాలేజీ మేడం ఇంటికొస్తున్నారంటే, పేడకంపుకి సిగ్గుపడి పొద్దున్నే దిబ్బంతా ఫినాయిల్ కుమ్మరించింది. ఆవిడ తన గేదెల గడ్డిమడికి ఆ ఎరువు కోసమే వస్తున్నారని అప్పుడు తెలీదు.

గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్న బుల్లిరాజు ఆగిపోయాడు. కూతురి వంక చూశాడు.

"ఏమైందండీ?" అన్నారు మేడం.

"ఇంకా మాగలేదండి. నేనే తొందరపడి రమ్మన్నాను. ఇది వేస్తే గడ్డిలో గేదె మూతి పెట్టదండి."

ఏడాదంతా తిరగేసి మాగబెట్టిన ఎరువుని ఆ చేత్తోనే పారేశాడు.

"పర్లేదులెండి. సత్యశ్రీ, కాసిని మంచినీళ్లియ్యమ్మా!"

ఫినాయిల్ కంపు కొడుతున్న చేతులు వెనక్కి దాచుకుని, సత్యశ్రీ అక్కడే నిలబడిపోయింది.