తగ్గిన తూకం

"సీసా ఉండాల్సినదానికన్నా ఇరవై గ్రాములు తక్కువ తూగుతోందమ్మా," అంది నర్సు. మూర్ఛజబ్బుకి గంజాయి మొక్క నుంచి తీసిన మందు నూనె అది. ఇంకా పరిశోధనలోనే ఉంది కాబట్టి, తిరిగొచ్చిన ప్రతి సీసానూ తూచాల్సిందే. "ఎక్కడైనా ఒలికిందా?"

"చుక్క ఒలకలేదక్కా. నెల రోజులైంది, పాపకి ఒక్కసారి కూడా ఫిట్సు రాలేదు. అంతా మీ చలవే!"

ఐదేళ్ల పాప బల్లకింద దూరి కిలకిలా నవ్వుతోంది. నర్సుకి మాత్రం ఆ తేడా మింగుడుపడలేదు.

"పోనీ, ఎక్కువ పోస్తున్నావా?"

"అయ్యో, గీత దాటను." తల్లి గొంతు తగ్గించింది. "డాక్టరుగారికి చెప్పనంటే చెప్తా. అక్కకొచ్చిన జబ్బు తమ్ముడికీ రాకూడదు కదా! ముందుజాగ్రత్తకి వాడికీ అంతే పోస్తున్నా. పాప రోజూ వేసుకునే ఫిట్సు మాత్రలో సగం కూడా వేస్తున్నా."

తల్లి భుజం మీద పసివాడు వాలి ఉన్నాడు. వచ్చి గంటైనా వాడు కదలనే లేదు. నర్సు వాడి చెయ్యి ఎత్తి వదిలింది. అది తూకంరాయిలా పడింది.

"ఎప్పుడు పడుకున్నాడు?"

"నిన్న సాయంత్రం." తల్లి మురిసిపోయింది. "బంగారుకొండ! పాలకి కూడా లేవలేదు."