పై వాటా మనిషి

ధబ్... ధబ్... ధబ్...

“మొదలెట్టాడమ్మా మహానుభావుడు!” అంటూ ఆమె తల పట్టుకుంది.

ఒళ్ళో బుడ్డది వెక్కుతోంది. దానికి మూడో ఏడు. పరాయి దేశంలో పుట్టింది, అక్కడే నడక నేర్చింది. సొంత ఊరికి తెచ్చి నెల కావస్తున్నా కుదురుకోనంటోంది. పగలంతా బాగానే ఆడుతుంది. పడుకోబెట్టే వేళకి మాత్రం “ఇంటికెళ్దాం” అంటూ రాగం అందుకుంటుంది.

“ఇదేనమ్మా మన ఇల్లు” అంటే ఆ రాగం ఇంకాస్త పెరుగుతుంది.

తిరిగి వచ్చేద్దామన్న పట్టు మొగుడిది. పిల్ల కుదురుకోకపోతే వెనక్కి పోదామన్న షరతు ఆమెది. అక్కడి ఆఫీసువాళ్ళు నెలాఖరుదాకా ఆమె కుర్చీ ఖాళీగా ఉంచుతామన్నారు.

కుదురుకోవడానికి ఇల్లు మాత్రం ఏం సహకరించింది గనక! ఓడలో వచ్చిన సోఫా గుమ్మంలో పట్టలేదు. మిక్సీ ప్లగ్గు ఇక్కడి గోడలో దూరదు. ఎందుకూ పనికిరానివి మాత్రం భద్రంగా చేరాయి. మంచులో తిరగడానికి కొన్న మోటు బూట్లు, వద్దంటే వినకుండా మొగుడు పెట్టెలో పెట్టించాడు. అవి గుమ్మం పక్కన అడ్డంగా పడి ఉండేవి. ఆమె రోజూ సణగ్గా సణగ్గా ఈ మధ్యే మాయమయ్యాయి. పోనీలే, ఎవరికో ఇచ్చేసినట్టున్నాడు అనుకుంది.

అక్కడి ఫొటోలన్నీ బీరువాలో పడేసింది. మొగుడికి కూడా గట్టిగా చెప్పింది.

“అక్కడి సంగతి ఒక్కటి కూడా దీని దగ్గర ఎత్తొద్దు. మర్చిపోతే గానీ ఇది ఇక్కడ నిలవదు.”

అతను బుద్ధిగా తలూపాడు.

వచ్చిన కొత్తలో ఈ చప్పుడు లేదు. ఇల్లు సూది పడితే వినపడేట్టు ఉండేది. అయినా పిల్ల కన్ను మూయలేదు. పై వాటాలో రంగులు వేసేవాళ్ళు నిచ్చెనలు ఈడ్చిన రోజున మాత్రం, మధ్యాహ్నం ముద్ద నోట్లో ఉండగానే నిద్రపోయింది. ఏడ్చి ఏడ్చి అలసిపోయింది పాపం అనుకున్నారు. ఆ రంగులు ఆరాయో లేదో, ఈ నడక మనిషి దిగాడు.

ఆమెకు పై వాటాల యోగం అలాంటిది. అక్కడా ఇదే గోల. బేకరీలో రాత్రి డ్యూటీ చేసేవాడొకడు, సరిగ్గా పిల్ల పడుకునే వేళకి బూట్లు తొడిగి నెత్తిమీద కవాతు చేసేవాడు. ఆమె చీపురుకర్రతో పైకప్పు పొడిచేది. ఇంటి ఓనరుకి ఫిర్యాదులు చేసింది. పిల్ల కడుపులో ఉన్నప్పటి నుంచి విమానం ఎక్కేదాకా ఆ పోరు సాగుతూనే ఉంది. సముద్రాలు దాటొచ్చినా ఆ దరిద్రం వదల్లేదు.

ఇక మొగుడి సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. అక్కడ గిన్నెలు తోమాడు, పిల్లకి స్నానాలు చేయించాడు. సొంత ఊరి గాలి తగలగానే అయ్యగారికి షికార్లు మొదలయ్యాయి. పిల్ల ఏడుపు లంకించుకునే వేళకి “ఇప్పుడే వస్తా” అని జారుకుంటాడు. అంతా సద్దుమణిగాక చెమటలు తుడుచుకుంటూ వస్తాడు. ఇలాంటి మొగుణ్ణి నమ్ముకుని ఉద్యోగం వదులుకున్నానే అని ఆమెకు ఏడుపొచ్చేది.

నిన్న నిలదీసింది.

“పైవాడితో మాట్లాడమన్నాను కదండీ!”

“మాట్లాడాను. మంచివాడే పాపం. డాక్టరు నడవమన్నాడట.”

“నడవమంటే రోడ్డు లేదా? నా నెత్తే దొరికిందా?”

“కొన్నాళ్ళు ఓపిక పట్టు. పిల్ల పడుకుందిగా?”

“నేను జోకొడితే పడుకుంది. వాడి పుణ్యమా, మీ పుణ్యమా?”



పడుకుంటున్న మాట నిజమే. ఆ మోతలో దానికి నిద్ర ఎలా పడుతోందో మరి! అంతా తన జోలపాట మహిమ అని ఆమె నమ్మకం. పైవాడు కూడా తక్కువవాడు కాదు. ఈమె లైటు ఆర్పేదాకా నడక ఆపడు, ఆర్పగానే ఠక్కున ఆపుతాడు. బాల్కనీలోంచి కిటికీ వెలుగు కనిపెట్టి మరీ సాధిస్తున్నాడని ఆమె అనుమానం.

ఇవాళ ఇక తెగించింది. మొగుడు షికారు నుంచి రాగానే వెళ్ళిపోదామని చెప్పెయ్యాలి. పిల్ల భుజం మీద నిద్రలోకి జారినా మంచం మీద వేయలేదు. లైటూ ఆర్పలేదు. గుమ్మానికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

మొగుడు రాలేదు.

పైన నడకా ఆగలేదు. రోజూకంటే ఎక్కువసేపు సాగింది. పైగా ఇంకాస్త గట్టిగా.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ముందు వీడి పని పట్టాలి, మొగుడి సంగతి తర్వాత. పిల్లను అలాగే భుజాన వేసుకుని, మెట్టుకో తిట్టు కూర్చుకుంటూ పైకెక్కింది. తలుపు ఓరగా వేసి ఉంది. కాలితో ఒక్క తోపు తోసింది.

రంగు వాసన ఇంకా వదలని ఆ ఖాళీ వాటాలో, కుర్చీ లేదు, మంచం లేదు, ఆ మోటు బూట్లు తొడుక్కుని ఈ గోడ నుంచి ఆ గోడకి ధబధబా నడుస్తున్న ఆమె మొగుడు మాత్రం ఉన్నాడు, ఆమెను చూసి కూడా అడుగు ఆపకుండానే, “పడుకుందా?” అని గుసగుసగా అడిగాడు.